మంచుకి ఎన్ని మార్కులు

కర్టెన్లు బిగించాను. టార్టు వీధిదీపం తెరమీద పడితే
నలుపు నలుపో కాదో తేలదు.
నోట్‌బుక్కులో రాసుకున్నాను:
గీతల్లేవు, మచ్చల్లేవు, రైలింజను అంచు కత్తిలా ఉంది.
ముఖాలే, కాస్త మైనం పూసినట్టు.
ఫిల్ము రేణువుల్ని ఎవరో తడిగుడ్డతో తుడిచేశారు.
పాత బుసబుస పోయింది,
దాంతోపాటే మాటకీ మాటకీ మధ్య ఊపిరి పోయింది.
బొమ్మకి నాలుగు, శబ్దానికి మూడు, అనుకుంటుండగా

పై అంతస్తు హెల్వే వచ్చింది, చేతిలో సూపు గిన్నె.
"ఆపు. వెనక్కి తిప్పు."
స్టేషన్ జనంలో ఎడమనుంచి ఐదో పిల్ల తనేనట.
పదకొండేళ్లు. అరువు కోటు.
వాళ్ల ముందు కథానాయిక భుజం దులుపుకుంటోంది.
మళ్లీ దులుపుకుంటోంది.
అక్కడేమీ లేదు.

"మంచేదీ?" అంది హెల్వే.
"ఆ రోజంతా కురిసింది. కనురెప్పలు అతుక్కుపోయాయి నాకు.
అసలు మంచే, సబ్బునురగ కాదు."

ఒక్కో ఫ్రేమే జరుపుతూ చూశాను.
తెల్లచుక్క కనబడ్డ చోటల్లా దుమ్మనుకుంది యంత్రం.
రాళ్లనుకుని బియ్యమే ఏరేసింది.
ఒక్కటి తప్పించుకుంది, ఇంజను పొగ పక్కన,
మూడు ఫ్రేములు బతికింది.

కళ్లు మూసుకుని విన్నాను.
బూట్లకింద కరకర మాత్రం అలాగే ఉంది,
దాన్ని తుడవడం మరిచినట్టున్నారు.
శబ్దానికి అర మార్కు కలిపాను.
బొమ్మ దగ్గర నాలుగు కొట్టేసి
పెన్ను పట్టుకునే కూచున్నాను.

తెరమీద పొడిపొడిగా, శుభ్రంగా
వందమంది వణుకుతున్నారు.
హెల్వే స్వెటర్ చేతుల్ని వేళ్లదాకా లాక్కుంది.