సగం పొగ

బిల్లులో కొత్త గీత ఒకటి వచ్చింది.
సముద్రపు కిరాయి కింద, ఇంధనం సర్దుబాటు కింద,
ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్న చోట
ఉద్గారాల సర్‌చార్జీ, యూరప్ అని,
కంటైనర్ ఒక్కింటికి ఇన్ని యూరోలని.

కాకినాడ రొయ్యల ఫ్యాక్టరీలో కాయితాల గుమాస్తాని.
అర్థం కాని అంకె మీద సంతకం పెట్టలేను.
షిప్పింగ్ ఏజెంటు వీరభద్రానికి ఫోన్ చేశాను.
"అది పొగ పన్నండి, ఆయ్" అన్నాడు,
చినుకులు పడుతున్నాయండి అన్నంత తేలిగ్గా.

తర్వాత విడమర్చాడు:
అయిదు వేల టన్నులు దాటిన ఓడ వదిలే పొగని
ఇప్పుడు తూకం వేస్తున్నారట.
వాళ్ళ రేవు నుంచి వాళ్ళ రేవుకైతే మొత్తం పొగ.
బయటి రేవు నుంచి వాళ్ళ రేవుకైతే సగం.
"మరి తతిమ్మా సగం?"
ఫోన్‌లో ఏదో క్రేన్ చప్పుడు.
"అది ఎవరిదీ కాదండి."

ఎవరిదీ కాని పొగ.
మధ్యాహ్నం క్యారేజీ విప్పినా ఆ మాట పోలేదు.

ఎక్కడో అద్దాల గదిలో
రాత్రి రెండింటిదాకా కూర్చుని ఉంటారు.
ఒకరికి ఓడలున్నాయి, ఒకరికి రేవులున్నాయి,
ఒకరికి వచ్చే ఏడు ఎన్నికలున్నాయి.
పన్ను వేస్తే ఓడలు పక్క దేశపు రేవుకి మళ్ళిపోతాయని ఒకరు,
వెయ్యకపోతే పిల్లల మొహం ఎలా చూస్తామని ఒకరు,
చల్లారిన కాఫీ మీద బేరం.
వాళ్ళని తిట్టలేను.
చేపల రేవులో వేలంపాట చూస్తూ పెరిగినదాన్ని.
తెల్లారేసరికి ఏదో ఒక ధర తెగాలి,
లేకపోతే గంప గంపా కుళ్ళిపోతుంది.
సగం అనేది అలాగే తెగి ఉంటుంది.

చిన్న ద్వీపాల పడవలకి కొన్నాళ్ళు మినహాయింపు కూడా ఉందట.
ద్వీపం అంటే లంకే కదా.
మా అమ్మమ్మ పుట్టిన లంకలో
బడి గోడ గోదాట్లో పడిన ఏడు
ఏ జాబితాలో రాశారో అడగాలనుకుని
ఊరుకున్నాను. వీరభద్రం ఏం చేస్తాడు.

బిల్లు మాత్రం ఊరుకునే రకం కాదు.
రోటర్‌డ్యామ్ కొనుగోలుదారు మా ఓనరుకి తోస్తాడు,
ఓనరు ముప్పై కౌంటు మీద కిలోకి రెండ్రూపాయలు కోసి
చెరువు రైతుకి తోస్తాడు,
కోసిన రెండ్రూపాయలూ చాలక ఇంకొంచెం
పీలింగ్ షెడ్డులోకి, మా అమ్మ దగ్గరికి తోస్తాడు.
ఐసు నీళ్ళకి పాలిపోయి ముడతలు పడ్డ ఆ వేళ్ళకి
కార్బన్ అంటే తెలీదు,
కిలో ఒలిస్తే ఎంతో తెలుసు.

ఆదివారం తాళ్ళరేవు వెళ్ళాను.
మా పెదమావయ్య ధనుంజయం
కోరంగి కాలవ గట్టున బోల్తా వేసిన పడవ కింద
చెక్కల సందుల్లో దూది కూరుతున్నాడు.
ఏజెంటు ఇచ్చిన క్యాలెండరు చూపించాను:
కొత్తరకం సరుకు ఓడ, డెక్కు మీద మేడలంత రెక్కలు,
గాలితో నడిచి నూనె మిగులుస్తుందట.
నవ్వుతాడనుకున్నాను.
చేతులు లుంగీకి తుడుచుకుని చాలాసేపు చూశాడు.
"చాప ఏ గుడ్డ?"
గుడ్డ కాదు, ఇనుమూ ఫైబరూ అన్నాను.
"గాలి ఊరికే వస్తుందనుకుంటున్నారేమో.
రంగం నుంచి ఓడని ఒడ్డుకి చేర్చినందుకు
మా చిన్న తాతని ఉంచేసుకుంది" అని
మళ్ళీ దూది అందుకున్నాడు.

ఇంటికొచ్చి టీ పెడితే పాలు విరిగాయి.
బోరులోకి ఉప్పు మళ్ళీ దిగినట్టుంది.
ఆ రెండో సగం ఇదేనేమో అనిపించింది.
రుజువేం లేదు.

సోమవారం కొత్త కంటైనర్ కాయితాలు.
సరుకు: తల తీసిన రొయ్య, గడ్డకట్టించినది.
ఉష్ణోగ్రత: మైనస్ పద్దెనిమిది.
కొలంబోలో ఓడ మారుతుంది.
రిమార్కుల గడిలో నలభై అక్షరాలే పడతాయి.
ఏదేదో రాయబోయి, చెరిపేసి,
ఎప్పుడూ కొట్టేదే కొట్టాను:

పాడైపోయే సరుకు. ఆలస్యం చేయరాదు.