నెమ్మది పొగ

గ్రిమ్స్‌బీలో శనివారం.
హాలు కిటికీల మీద వాన ఉప్పగా కొడుతోంది.
మరమ్మతుల బల్ల దగ్గర నా ముందు
పన్నెండేళ్ల లాప్‌టాప్, దాని యజమానురాలు మేవిస్,
ఆవిడ తెచ్చిన అల్లం బిస్కెట్లు.

పాత సిస్టమ్ చచ్చింది. కొత్తది ఎక్కించాలి.
పెన్‌డ్రైవ్ పెడితే లేవదు,
డీవీడీ అయితేనే ముట్టుకుంటుందట,
పెళ్లిలో అలిగిన మేనమామలా.

మొదటి డిస్కు.
ఇమేజ్ ఫైలును లాగి అందులో పడేశాను, అంతే.
డ్రైవు గిర్రున తిరిగింది. నల్లటి తెర మీద
ఒక తెల్ల గీత రెప్పలాడిస్తూ నిలబడింది.
తెరిచి చూద్దును కదా, అదే ఫైలు, మూట విప్పకుండా.
జాడీలో ఆవకాయకు బదులు
ఆవకాయ పెట్టే విధానం రాసిన కాగితం
మడిచి పెట్టినట్టు.
ఇరవై ఏళ్లుగా ఇదే పని నాకు, అని
ఇందాకే ఆవిడతో గొప్పలు పోయాను.

రెండోది ఇమేజ్‌గానే రాశాను.
తొంభై ఏడు శాతం దగ్గర కక్కేసింది.
మూడోది చివరిదాకా వెళ్లింది,
సరిచూడమంటే ఎక్కడో ఒక ముక్క కలవలేదంది.
నాలుగోది ఎందుకు పోయిందో
నాకూ తెలియదు, దానికీ తెలియదు.

దింపుకున్న ఫైలే పాడేమోనని చెక్‌సమ్ తీశాను.
అరవై నాలుగు అక్షరాలు.
నేను తెర మీదవి చదువుతుంటే
మేవిస్ కాగితం మీద వేలు జరుపుతూ
ఒక్కోదానికీ ఊఁ కొట్టింది,
చాకలి పద్దు ఒప్పజెప్పుకుంటున్నట్టు.
అన్నీ కలిశాయి.
మరి పాపం ఎవరిది? డిస్కుదా, లెన్సుదా, నాదా?

లెన్సు తుడిచాను.
ఈ ఊళ్లో దీన్ని కాల్చడం అంటారు,
నా నోటికి రాయడం అనే వస్తుంది.
ఏదన్నా ఒక్కసారే.
ఉమ్మి తుడిచి దిద్దుకోవడానికి పలక కాదిది.

"ఎంత వేగంతో?" అంది మేవిస్.
పదహారు రెట్లు, అన్నాను.
ఆవిడ బిస్కెట్ పక్కన పెట్టి
తన చేతులు చాపింది.
ముప్పై ఒక్క ఏళ్లు
రేవు వెనక పొగగదుల్లో
హాడక్ చేపల్ని కమ్మీలకు గుచ్చిన చేతులు.
"మంట పెంచితే పైకి రంగొస్తుంది పిల్లా,
లోపల పచ్చిగానే ఉంటుంది.
రంపపు పొట్టు, రాత్రంతా పొగ.
మధ్యలో తలుపు తీశావో, పోయిందే."

నాలుగు రెట్లకు తగ్గించాను.
తెర మీద తెరిచినవన్నీ మూసేశాను.
ఐదో డిస్కు.
బల్లకు మోచేయి కూడా ఆనించలేదు ఇద్దరం.
రాయడానికి పదిహేను నిమిషాలు,
సరిచూడటానికి ఇంకో పది.
ఈలోగా పక్క బల్ల మీద కీత్ ఒక టోస్టర్ బాగుచేశాడు,
ఒక గొడుగు పాడుచేశాడు.

ఎఫ్ పన్నెండు నొక్కి,
ముందు డిస్కు చూడవే తల్లీ అని బతిమాలితే
తెర నీలంగా వెలిగింది.
భాష ఎంచుకోమంది.
వరసగా ఎన్ని లిపులో!

"నీది ఏది?"
చూపించాను, కిందెక్కడో ఉంది.
నేను వద్దనేలోపు ఆవిడ నొక్కేసింది.
తెరంతా తెలుగైపోయింది.

"అదేమిటి, ఆ లావు మాట?"
విభజన.
నాకు తట్టలేదు ఒక్క క్షణం.
ఆ మాట నేను రాష్ట్రం గొడవల్లో విన్నాను గానీ
హార్డ్‌డిస్కులో ఎప్పుడూ కలవలేదు.
మనసులో పార్టిషన్ అని అనుకున్నాక గానీ
నా అక్షరాలు నాకు తెరుచుకోలేదు.
ఆవిడతో మాత్రం, వాటాలు వేయడం, అన్నాను.
అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు.
"అయితే గొడవే," అంది మేవిస్.

వెనక్కి వెళ్లి ఇంగ్లీషు నొక్కాం.

పాడైన నాలుగూ సంచిలో వేసుకుంది,
బఠాణీ పాదుల మీద వేలాడదీస్తుందట,
పావురాలకు తళుకంటే భయమట.
ఐదోదాని మీద మార్కరుతో ఏదో రాసింది.
చదవబోతే
ఇంకా తడి ఆరలేదని చేయి అడ్డం పెట్టింది.