గుంత కట్టేదెట్ల

కొనేముందర ఇంట్లోంచి ఒక ఇటుక జేబులో ఏసుకొని పోండి.
ఎర్రదో పచ్చదో,
బిడ్డ వెతుక్కోకుండా ఉండేది ఒకటి.
మొదటిసారి నేను ఒట్టి చేతులతో పోయినా.
కడపలో, వై.వి. వీధిలో నూటెనభై పెట్టి తెస్తే
ఒక్క ఇటుకా కూర్చోల్యా.
బొడిపెకూ బొడిపెకూ నడుమ ఎడం
వెంట్రుకవాసి తేడా.
అంత తేడాకు ఎవురితో కొట్లాడతాం?

రెండోసారి ఇటుక పెట్టి వొత్తి చూసినా.
టిక్కుమనాల. తీస్తే రావాల,
గోరు ఇరిగేట్ల పీకాల్సి వస్తే వద్దు.
"ఏందన్నా, బంగారమా గీకి చూసేకి?" అనె అంగడాయన.
ఇరవై ఏండ్లు బండలు చూసిన కన్ను నాది.
పలకను కంటికి సమానంగా పట్టి
ఈ మూల నుంచి ఆ మూలకు చూసినా.
నడుమ ఉబ్బుంటే ముట్టుకోవద్దు.
బండయితే సానపట్టొచ్చు,
ప్లాస్టిక్కు వంగిందంటే వంగిందే.
తెచ్చేటప్పుడు ఎండ జాగ్రత్త.
మే నెలలో బండి సీటు మీద పెట్టి టీ తాగేకి పోతిరా,
వచ్చేసరికి అప్పడం.

బొడిపెలు లెక్కబెట్టండి.
వరసకు ముప్పైరెండు, అట్లాంటివి ముప్పైరెండు వరసలు.
పదహార్లది సవకే గానీ
ఇల్లు కడితే వాకిలి మిగలదు.

అన్నీ చూసినా.
ఒకటి చూడల్యా.

మస్తాని పలకను తిరగేసి కింద పక్క చూసె.
వేలుపెట్టి తడిమె.
"నాయనా, దీంట్లోకి దిగేదెట్ల?"
దిగేదేంది మా, కట్టేది కదా అంటే
"నువ్వు పోతావే దినామూ, ఆ గుంత కట్టాల."

ఎర్రగుంట్ల అవతల గనిలో
నలభై అడుగుల కింద పొర పొరగా బండ లేపేటోణ్ణి నేను.
ఇదేమో రేకంత మందం.
కింద ఒక్క ఇటుకా పట్టదు. ఎంతసేపూ పైకే.
ఈ మాట అంగడాయన చెప్పల్యా,
అట్ట మీద కూడా ల్యా.

శానాసేపు ఇద్దరం పలక ముందర కూర్చున్నాం.
"రెండు పీటల మీద పెట్టండి, కింద గుంతయితాది"
పొయ్యికాడ నుంచి వాళ్లమ్మ జమాలమ్మ.
అది వంతెన అయితాదంట. మస్తాని ఒప్పల్యా.

ఉన్నట్టుండి అంచుల్లో పేర్చబట్టె.
నాలుగు పక్కలా, వరస మీద వరస,
నడుమ ఏమీ పెట్టకుండా.
నేను నడుమ ఒకటి పెట్టబోతే చెయ్యి తోసేసె.
"గుంత తవ్వల్యా నాయనా,
చుట్టూ నేల కడతాండా."

నల్లవి లేవు మా కాడ.
ఎరుపూ పసుపూ నీలమూ,
మా తట్టు యా గనిలోనూ పడని రాయి.
ఏడు వరసలకు ఇటుకలు అయిపాయ.
లోపల ఒక బొమ్మను నిలబెట్టె,
టోపీ ఎప్పుడో పోయినోణ్ణి.
వాని తల ఒడ్డుకు అందల్యా.

"మెట్లు పెట్టు మా, ఎక్కేదెట్ల?" అంటి.
"ఇటుకల్లేవు. రేపు."
లైటార్పి పండుకునె.

పొద్దున గనిలో దిగినాక
బీడీలకని జేబులో చెయ్యి పెడితే
అంగడికి తీసుకపోయిన ఎర్ర ఇటుక.
ఒక మెట్టుకు సరిపోయేది.