పన్ను లేని దేశం

"ఆడ పన్ను ఉండది,
సంపాదించిన పైసలన్ని నీయే" అన్నడు
మెట్‌పల్లిల ఏజెంటు.
పదకొండేండ్లాయె.
మొన్న షార్జాల, రోలా బజార్ల చాయ్‌పత్తి కొంటె
బిల్లు కింద ఐదు శాతం కనబడ్డది.
నవ్వొచ్చింది. నవ్వితే
ఎడమ దవడల, ఆఖరుకు, జివ్వుమన్నది.

లవంగం పెట్టు అన్నడు కింది బెర్తు మొయినుద్దీన్.
తన డబ్బాలకెల్లి రెండు లెక్కవెట్టి ఇచ్చిండు.
తొమ్మిది రాత్రులు అట్లనే గడిచినయి.
పదో రాత్రి లవంగం ఓడిపోయింది.

డాక్టరమ్మ ఫోటో తీసి చూపెట్టింది:
తెల్లగ, రెండు వేర్లు, నడుమ నల్ల చుక్క.
"మంచి పన్ను. కాపాడుకుంటె ఇంక ఇరవై ఏండ్లు పనిచేస్తది"
అన్నది హిందీల.
కాపాడుడుకు ఎనిమిది వందల దిర్హంలు,
మీద టోపీకి ఐదు వందలు.
పీకుడుకు నూట ఇరవై.
నా జీతం పదకొండు వందలు.
ఆమె ఇంకేం అనలే, గడియారం దిక్కు చూసింది.

రేపొచ్చి చెప్త అని బయటవడ్డ.
బస్‌స్టాపుల కూసొని చీటి ఎనుకకు తిప్పి రాసుకున్న.
మెస్సుకు రెండు వందల డెబ్బై, ఫోనుకు ముప్పై.
మిగిలిన ఎనిమిది వందల మీద
పిలగాని పాలిటెక్నిక్ ఫీజు,
సొసైటీల కుదువ పుస్తెలకు మిత్తి
(ఈ నెల తప్పితే వేలం కాయితం వస్తదట),
సుగుణకు థైరాయిడ్ గోలీలు.
ఏది పీకాలె?
ఫీజు పీకితే పిలగాడు ఇటే వస్తడు,
నా పక్క బెర్తుకు.
పుస్తెలు పోతే సుగుణ ఏమనది.
ఆమె ఏమనకపోవుడే నాకు భయం.

అంతల ఎక్స్చేంజి ముంగట బోర్డు మారింది.
దిర్హంకు ఏడు పైసలు పెరిగింది.
రూపాయి పడిపోతుందని టీవీలళ్ల మొత్తుకుంటున్నరట,
మేమేమో లైన్ల నిలబడి
లోపల్లోపల మొక్కుతున్నం: ఇంక జర పడు, నీ కాల్మొక్త.
ఎనిమిది వందలకు యాభై ఆరు రూపాయలు ఎక్కువ.
ఉన్నదంత పంపేసిన.

పోచమల్లు యాదికొచ్చిండు.
మూడో అంతస్తుల బల్ల ఇరిగి కిందవడితే
కంపెనీ ఒకటే లెక్క చేసింది:
నడుము బాగుచేసుడుకు ఇంత, టికెటుకు ఇంత.
టికెటు సస్తా.
ఆ పొద్దు నేను కంపెనీని నోటికొచ్చినట్టు తిట్టిన.
ఇప్పుడు అదే నోట్ల
అదే లెక్క.

నూట ఇరవై మొయినుద్దీన్ దగ్గర బదులు తెచ్చి పీకించుకున్న.
సూది మొద్దుబార్చింది గని సప్పుడు ఆగలే,
ఎండిన తుమ్మమొద్దును గడ్డపారతోని పెకిలించినట్టు.
పంటి బిగువున ఎల్లదీసిన అంటరు గద,
ఇన్నేండ్లు ఆ బిగువు పట్టింది ఇదే కావచ్చు.
టిష్యూల చుట్టి చేతిల పెట్టింది. జేబులేసుకున్న.
ఏజెంటు చెప్పిన మాట
ఎడమదిక్కు మటుకు నిజమైంది.

రాత్రి వీడియోల సుగుణ:
"గదేంది, మూతి ముడుసుకొని నవ్వుతున్నవ్?"
"నెట్ మంచిగ లేదు."
"నెట్ మంచిగనే ఉన్నది. మూతే మంచిగ లేదు."
జరసేపు ఇద్దరం మాట్లాడలే.
"ఈసారి యాభై రూపాయలు ఎక్కువొచ్చినయి" అన్నది ఆఖరుకు,
"నీకేమన్న కొనుక్కోకపోయినవ్?"

చిన్నప్పుడు పాలపన్ను ఊడితే
ఆవుపేడల పెట్టి పెంకల మీదికి ఇసిరేటోళ్లం, మళ్ల మొలవాలని.
ఈడ క్యాంపు మీద ఏసీ డబ్బాలు కారుతున్నయి.
నాకు నలభై నాలుగు.
సెలవు రోజు బట్టలు పిండుతుంటె
ప్యాంటు జేబులకెల్లి టక్కుమని బకిట్ల పడ్డది.
తీసి, కడిగి, కిటికీల పెట్టిన.
మొయినుద్దీన్ చూసి కూడ అడగలే.

నాలుక మాత్రం ఊకుంటలేదు,
ఆ సందుకే పోతుంది మాటిమాటికి,
కాళీ జాగకు కిరాయి అడగవోయినట్టు.