తాలు

మార్చి నెల. మిర్చి యార్డులో మూడో రాత్రి.
లారీ వెనక లారీ, టిక్కీ మీద టిక్కీ,
కాటా పక్కన నేను, చెవి మీద పెన్సిలు.
టీ గ్లాసులు లెక్కపెట్టడం మానేసి చాలాసేపైంది.
కళ్లు మంట.
ఘాటుకో, నిద్ర లేకో
తెలుసుకునే తెలివిని కూడా
ఏ లారీలోనో ఎక్కించి పంపేసినట్టున్నాను.

"గుమాస్తా గారూ" అన్నాడు దుర్గి నుంచి వచ్చిన రైతు,
గొంతు పెంచకుండానే.
"డెబ్బై నాలుగు తెచ్చాను.
చీటీ మీద నలభై ఏడుంది."

నా చేతిరాతే. నా సంతకమే.
అంకెలు రెండూ
బస్సులో పిల్లల్లా సీట్లు మార్చుకున్నాయి.
ఇరవై ఏడు టిక్కీలు.
నల్లతామర నుంచి అతను కాపాడుకున్నవి
నా ఒక్క ఆవలింతలో పోయాయి.
"నీ పేరేమన్నావు?" అన్నాను.
"గోరియా నాయక్. ఇది మూడోసారయ్యా అడగటం."

షెడ్డు చివర మస్తాన్‌బీ కాయలు ఏరుతోంది.
ఎర్రది ఇటు, తెల్లబారింది అటు.
తలెత్తకుండానే అంది:
"పగలు దిగిన సరుకు రాత్రి ఏరకపోతే
తెల్లారేసరికి మంచి కాయా తాలు వాసనే కొడతది.
నీ బుర్రలో ఏరేవాళ్లు లేరా?
ఉండే ఉంటారు. నువ్వే గేటు తియ్యట్లా."

నవ్వాను. సగంలో నవ్వు ఆగింది.

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు గదా.
నిద్రలేమి తననే ఎరుగదు.
"నాకేం, బానే ఉన్నా"
అని నా నోటితో చెప్పేది అదే.

కాటా ఇంకొకడికి అప్పజెప్పి
నల్లపాడు చేరేసరికి తెల్లారుతోంది.
సబ్బుతో రెండుసార్లు కడిగినా చేతులు మండుతూనే ఉన్నాయి.
సుభాషిణి కిటికీకి దుప్పటి కట్టింది,
సెల్‌ఫోను బియ్యం డబ్బాలో పెట్టింది,
ఒక్క మాటా అడగలేదు.

తర్వాత నాకు తెలిసింది కొంచెమే.
లోపల ఏదో షెడ్డు తలుపు జరిగిన చప్పుడు.
కొంగులు నడుముకి దోపుకున్న ఆడాళ్లు
వరసగా కూర్చున్నారు.
మూడు రోజుల రాశి పోసుకున్నారు:
హారన్లు, షావుకారు తిట్లు, పడిపోయిన ధర,
పిల్లదాని జ్వరం, ఎవరిదో టీ బాకీ.
ఎవరో నీళ్లు చిలకరించారు. దుమ్ము అణిగింది.
చీపురు చప్పుడు
చాలాసేపు, చాలా దూరంగా.

మధ్యాహ్నం మూడింటికి మెలకువ.
కళ్లు తెరవకముందే వచ్చేసింది:
డెబ్బై నాలుగు. పసుపు దారంతో కుట్టిన మూతులు.
చివరి రెండూ అడుగున తడిశాయని
అతనే చెప్పాడు, నేను అడక్కుండానే.

చొక్కా తొడుక్కుని యార్డుకి పోయాను.
తన టిక్కీలకే వీపు ఆనించి కునుకుతున్నాడు.
లేపలేదు.
పక్కన కూర్చుని కొత్త చీటీ తీసి
పేరు రాశాను,
బాణావత్ గోరియా నాయక్,
ఎవర్నీ అడగకుండా.