నకలు

ఒంగోలు కోర్టు ఆవరణలో ఇరవై రెండేళ్లుగా
కట్టలు మోస్తున్న గుమాస్తాని, కాలేషాని.
తొమ్మిదో తరగతితో ఆపాను.
న్యాయం సంగతి నన్నడక్కండి,
ఏ కాయితం ఏ కిటికీలో ఇవ్వాలో అడగండి.

పాలపర్తి ఏసోబు వచ్చిన రోజు
చీమకుర్తి రాతిదుమ్ము ఇంకా అతని కనుబొమల మీదుంది.
ఎడమ చెయ్యి తువ్వాల్లో చుట్టుకుని
"యాడికి పోవాలయ్యా?" అన్నాడు.
"దేనికి?" అన్నాను.
తువ్వాలు విప్పాడు.
బొటనవేలు లేదు.

ఇక్కడుంది తిరకాసు, ఏసోబూ.
పోయింది ఒక్క వేలే.
తిరగాల్సిన గుమ్మాలు మాత్రం నాలుగు.

అది ఎట్టా నలిగింది, ఎవరి నిర్లక్ష్యం,
కింద మేజిస్ట్రేటు గారి కోర్టులో అడుగుతారు.
అక్కడ నువ్వు కక్షిదారువి కావు, సాక్షివి.
కేసు సర్కారుది. నొప్పి నీది.
పిలిచినప్పుడు బోనెక్కాలి, ఉన్నది చెప్పాలి, దిగాలి.

దాని ఖరీదెంతో
రోడ్డవతల కార్మిక శాఖ ఆఫీసులో లెక్కేస్తారు.
వాళ్ల దగ్గరొక పట్టీ ఉంది,
బొటనవేలికి నూటికి ముప్పై.
"ముప్పై ఏంది?" అన్నాడు.
"మనిషిలో ముప్పై" అన్నాను.
కాసేపు ఆ మిగతా డెబ్భై
బెంచీ మీద గమ్మున కూర్చుంది.

వేలు పోయినాక పనిలోంచి తీసేశారు గదా,
అది గుంటూరు లేబర్ కోర్టు.
తెల్లారుజామున బస్సెక్కాలి, సద్ది కట్టుకుపో.

ఇక మేడ మీద సివిల్ కోర్టు.
"నేనేమీ దావా వెయ్యలేదే?"
వేసింది నువ్వు కాదయ్యా, నీ క్వారీ ఓనరు.
జేబులోంచి సమన్లు తీశాడు,
నాలుగు మడతలు, నాలుగూ చిరిగాయి.
ప్రామిసరీ నోటు, నలభై వేలు, వడ్డీ నూటికి రెండు.

ఆ నోటు నేను చూశాను.
రెవెన్యూ స్టాంపు మీద నీలి సిరా ముద్ర,
గీత గీతా తెలుస్తా, నడిమధ్యన చిన్న సుడి.
వేలు రాళ్ల కింద పోయింది గానీ
మేడ మీద, బీరువాలో,
చెక్కుచెదరకుండా ఉంది.

ఆర్నెల్లకి కార్మిక శాఖలో ఓనరు జవాబిచ్చాడు:
ఈ ఏసోబు ఎవరో మాకు తెలియదు,
మా మస్టరులో ఆ పేరే లేదు.

ఒక కోర్టులో మాట ఇంకో కోర్టుకి వినపడదు.
గోడలు మందమని కాదు,
కాయితానికి కాళ్లు లేవు, అంతే.

ఒక మధ్యాహ్నం, కరెంటు పోయి,
దావా కట్ట విసనకర్ర చేసుకుంటుంటే
మూడో పేరా కంటపడింది:
"ప్రతివాది, వాది క్వారీయందు ఆరేండ్లుగా కూలీగా
పనిచేయుచు, ఆ నమ్మకముతో ఋణము పొంది..."
విసరడం ఆపేశాను.

నకలు అర్జీ రాసి స్టాంపులంటించి
కాపీయింగ్ సెక్షన్ సుగుణమ్మ గారి చేతిలో పెట్టాను.
పదకొండు రోజులు. గుండ్రటి సీలు, సంతకం, నిజనకలు.
మా వకీలు రంగనాయకులు గారు రెండుసార్లు చదివి
కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.
ఏమీ అనలేదు.
టీ తెప్పించారు, నాక్కూడా.

మిగతా కట్టలన్నీ చంకలో పెడతాను.
ఆ ఒక్క కాయితం, చెమట తగలకుండా,
ఏసోబు తువ్వాల్లో చుట్టి రోడ్డు దాటించాం.
తీసుకున్నారు. వాయిదా పదిహేడుకి.
"గెలిచినట్టేనా?"
"చేరినట్టు" అన్నాను.

అక్కడి బంట్రోతు రిజిస్టరు తిప్పి
సిరా డబ్బా ముందుకి తోశాడు: "ముద్రెయ్."
అలవాటుగా ఎడమ చెయ్యే లేచింది.
డబ్బా మీద, గాల్లో, ఆగింది.
"కుడిది వెయ్యొచ్చా?"
బంట్రోతు నా వైపు చూశాడు.

ఇరవై రెండేళ్లలో మొదటిసారి,
ఆ మాట ఏ కిటికీలో అడగాలో
నాకు తెలీలేదు.