పూర్తయింది, కానీ ఇదొక్కటే కాదు

తార్తులో నది పేరు ఎమాయొగి.
యోగి కాదు, ఉత్త నదే.
కాకపోతే చలికాలమంతా కదలకుండా కూర్చుంటుంది.
అది ఏ రోజు గడ్డకట్టిందో, ఏ రోజు విరిగిందో
రాసిపెట్టే ఉద్యోగం లేలోది.

ఫైళ్ళన్నిటికీ ఒకటే ఇంటిపేరు: య్యా.
వాళ్ళ భాషలో మంచుగడ్డ.
ఆ మూడక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే చాలు,
ఎడిటర్ అడుగున సంత విచ్చుకుంటుంది.
తోకలున్న పాత ప్రతులు,
సగంలో ఆగిన లెక్కలు,
ఎవరో దిద్ది, ఎవరో దిద్దినదాన్ని దిద్ది...

ఆదివారం. రేడియేటర్ గొణుగుతోంది.
నల్ల రొట్టె మీద ఉప్పుచేప పళ్ళెంలోనే ఎండుతోంది.
లేలో సెట్టింగుల ఫైలు తెరిచింది.

తోకలున్నవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగండి, అని రాసింది.
పెద్దబడి, చిన్నబడి తేడా వద్దంది.
నిన్న తెరిచింది ముందు, ఎప్పుడో తెరిచింది వెనక;
అక్షరక్రమం బళ్ళో హాజరుకి చాలు.

ఇక చుక్కల సంగతి.
ఆఫీసు ఇచ్చిన కొత్త కీబోర్డు పరాయి దేశానిది,
నెత్తిన రెండు చుక్కలుండే అక్షరం దాని మీద లేదు.
చుక్కలున్నా లేకపోయినా ఒకటే అనుకో, అంది.
అనుకుంది. యంత్రానికేం, ఏమన్నా అనుకుంటుంది.

చుక్కలతో య్యా, మంచుగడ్డ.
అదే మాట ఎవరి చెయ్యన్నా పట్టుకుని అంటే, ఉండిపో.
చుక్కలు తుడిచేస్తే యా.
అవును.

యా అని కొట్టింది. ట్యాబ్.
అడుగున ఒక్క వాక్యం:
పూర్తయింది, కానీ ఇదొక్కటే కాదు.

అంటే అచ్చం ఆ పేరుతోనే, వెనక ఏ తేదీ లేకుండా,
ఒక ఫైలుంది.
పదకొండేళ్ళు ఆమె చుక్కలతో వెతికింది,
ఇది చుక్కల్లేకుండా కూర్చుంది.

తెరిచింది. లోపల ఒక్క అక్షరం లేదు.
ఏదో ఏప్రిల్ రెండో తారీఖు. సొంతదారు కాల్యో,
తనకి ముందు ఇదే బల్ల, ఇదే కిటికీ.
పడవ కొనుక్కుని పెయిప్సి సరస్సు వైపు పోయాడని విన్నది.

దేనికి అవును?
నది విరిగిందా అని పైవాళ్ళడిగారా?
వేలు జారిందా?
చుక్కలు పెట్టడం మర్చిపోయాడా, అప్పుడది ఉండిపో కదా,
ఎవరితో?

పట్టించుకోనక్కర్లేని పేర్ల జాబితాలో
దాన్ని సగం రాసి, చెరిపేసింది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే
మంచు కోసం ట్యాబ్ నొక్కినప్పుడల్లా
ఎడిటర్ ఆ అవును దగ్గర తడబడుతుంది.
ఇంకో మీట ఎక్కువ నొక్కాలి.
నొక్కుతుంది.

కిటికీ అవతల
యోగి వీపు మీద ఎవరిదో కుక్క
జారి, లేచి, మళ్ళీ జారుతోంది.